వైద్య పదం చివర చూసి అర్థం పట్టుకోవడం ఎలా?

డిశ్చార్జి సమ్మరీలో, స్కాన్ రిపోర్టులో, రక్తపరీక్ష ఫలితాల్లో కనిపించే పొడవాటి పదాలు చూడగానే బెదురు పుట్టించినా, వాటిలో ఎక్కువ భాగం ఒకే పద్ధతిలో కట్టినవే. ముందు భాగం సాధారణంగా ఒక అవయవాన్నో పదార్థాన్నో సూచిస్తుంది. చివర వచ్చే ప్రత్యయం ఆ అవయవానికి ఏమైందో, లేదా వైద్యులు దానికి ఏం చేశారో చెబుతుంది. ఈ ప్రత్యయాలు ఎక్కువగా గ్రీకు నుంచి, కొన్ని లాటిన్ నుంచి వచ్చాయి. ఓ ముప్పై ప్రత్యయాలతో పరిచయం ఉంటే మామూలు రిపోర్టును చాలావరకు చదివి అర్థం చేసుకోవచ్చు. అయితే వాటిని పట్టికగా రాసుకుని బట్టీపడితే వారం తిరిగేసరికి మరచిపోతారు. పదాన్ని విడదీసే పద్ధతి వంటబడితే మాత్రం ఎన్నడూ చూడని పదం కూడా సగం లొంగుతుంది. అందువల్ల ఇక్కడ ప్రత్యయాలను అక్షరక్రమంలో కాక, రోగికీ కుటుంబ సభ్యులకూ అవి ఎదురయ్యే సందర్భాలను బట్టి చూద్దాం.

1. పదాన్ని చివరి నుంచి విప్పండి

తెలుగు వ్యాకరణం చదువుకున్నవారికి ఇది కొత్త పద్ధతి కాదు. తత్పురుష సమాసంలో ఉత్తరపదమే ప్రధానం. పూర్వపదం దానికి విశేషణంగా మాత్రమే నిలుస్తుంది. వైద్య పదాలు కూడా దాదాపు అలాగే నడుస్తాయి. ‘గ్యాస్ట్రైటిస్’ అనే పదంలో చివరి ‘ఐటిస్’ అంటే శోథ (వాపు, నొప్పితో కూడిన ఇన్‌ఫ్లమేషన్), ముందున్న ‘గ్యాస్ట్ర్’ అంటే జీర్ణాశయం. తెలుగులో జీర్ణాశయశోథ అని రాస్తే వరుస కూడా మారదు.

ఇంకాస్త పెద్ద పదం తీసుకోండి: ‘ఎలక్ట్రోకార్డియోగ్రామ్’. చివర ఉన్న ‘గ్రామ్’ అంటే నమోదైన చిత్రం లేదా పత్రం, ‘కార్డియో’ అంటే గుండె, ‘ఎలక్ట్రో’ అంటే విద్యుత్తు. గుండెలో పుట్టే విద్యుత్ ప్రేరణల నమోదు అని తేలిపోతుంది. ఈ నమోదు వెనక ఉన్న విధానాన్ని కనుగొన్నందుకే డచ్ శాస్త్రవేత్త విల్లెమ్ ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

విడదీసేటప్పుడు మధ్యలో వచ్చే ‘ఓ’ అనే అచ్చు మిమ్మల్ని తికమక పెట్టవచ్చు. అది రెండు ముక్కలను కలిపే అచ్చు మాత్రమే; దానికి విడిగా అర్థం లేదు. ప్రత్యయం హల్లుతో మొదలైతే అది నిలుస్తుంది, అచ్చుతో మొదలైతే సాధారణంగా లోపిస్తుంది. అందుకే ‘గ్యాస్ట్రోస్కోపీ’లో కనిపించే ‘ఓ’, ‘గ్యాస్ట్రెక్టమీ’లో కనిపించదు.

2. అది జబ్బా, పరీక్షా, ఆపరేషనా, వైద్య శాఖా అని ముందు తేల్చుకోండి

అర్థం పూర్తిగా తెలియకపోయినా ఈ ఒక్క సంగతి తేలితే ఆందోళన చాలా తగ్గుతుంది. ‘గ్యాస్ట్రైటిస్’ జబ్బు, ‘గ్యాస్ట్రోస్కోపీ’ పరీక్ష, ‘గ్యాస్ట్రెక్టమీ’ ఆపరేషన్, ‘గ్యాస్ట్రోఎంటరాలజీ’ వైద్య శాఖ. నాలుగింటిలోనూ జీర్ణాశయం పేరే ముందున్నా, ఒకదానికి మాత్రలు చాలవచ్చు, ఇంకొకదానికి అవయవాన్నే తీసేయవలసి రావచ్చు. ముందు భాగాన్ని చూసి భయపడటం, చివరి భాగాన్ని చదవకుండా వదిలేయడం అనేది చాలామందికి ఉన్న అలవాటు. దాన్ని తిరగేయండి.

3. ఆపరేషన్ పేర్లలో మూడు ప్రత్యయాలను కలగాపులగం చేయకండి

‘ఎక్టమీ’, ‘ఆటమీ’, ‘ఆస్టమీ’ అనే మూడూ చెవికి ఒకేలా వినిపిస్తాయి గానీ, రోగి జీవితంలో అవి తెచ్చే మార్పులు వేరు. ఆపరేషన్‌కు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టే ముందు ఆ పేరు ఈ మూడింటిలో దేనితో ముగిసిందో చూసుకోవడం చాలా అవసరం.

‘ఎక్టమీ’ అంటే కోసి తీసివేయడం. అపెండెక్టమీలో ఉండుకాన్ని (అపెండిక్స్‌ను), హిస్టరెక్టమీలో గర్భాశయాన్ని, మాస్టెక్టమీలో రొమ్మును తొలగిస్తారు. పూర్తి అవయవాన్నే తీయాలని లేదు; వేసెక్టమీలో వీర్యనాళంలో చిన్న ముక్కను తీస్తారు. అందువల్ల ఈ ప్రత్యయం కనిపించినప్పుడు ‘మొత్తమా, కొంత భాగమా?’ అని అడగాలి. ‘టోటల్’, ‘పార్షియల్’, ‘సబ్‌టోటల్’ అనే విశేషణాలు ముందు వస్తే జవాబు అక్కడే ఉంటుంది.

‘ఆటమీ’ అంటే కోత పెట్టడం మాత్రమే. క్రేనియాటమీలో మెదడును చేరుకోవడానికి పుర్రెను తెరుస్తారు, ల్యాపరాటమీలో పొట్టను తెరుస్తారు. కోత అసలు పని కాదు, లోపలి పనికి దారి. కాబట్టి ‘ల్యాపరాటమీ చేశాం’ అని చెబితే, లోపల ఏం చేశారన్నది ఇంకా చెప్పలేదనే అర్థం చేసుకోండి.

‘ఆస్టమీ’లో గ్రీకు పదం ‘స్టోమా’ ఉంది. దానికి నోరు అని అర్థం. శరీరంలో కొత్తగా ఒక ద్వారాన్ని ఏర్పరచడమే ఈ ఆపరేషన్. కొలాస్టమీలో పెద్దపేగును పొట్ట గోడ మీదికి తెరిచి, మలం అక్కడి సంచిలోకి వచ్చేలా చేస్తారు. ట్రేకియాస్టమీలో గొంతు ముందుభాగంలో శ్వాసనాళానికి ద్వారం చేస్తారు. ఈ ద్వారం తాత్కాలికమా, శాశ్వతమా, ఇంటి దగ్గర దాన్ని ఎలా శుభ్రం చేయాలి, సంచినో గొట్టాన్నో ఎప్పుడు మార్చాలి అన్నవి తప్పక అడగవలసిన ప్రశ్నలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘ఆస్టమీ’కి ముందు రెండు అవయవాల పేర్లు ఉంటే, ఆ ద్వారం సాధారణంగా బయటికి కాక, ఆ రెండింటి మధ్య ఉంటుంది. గ్యాస్ట్రోజెజునాస్టమీ అంటే జీర్ణాశయాన్ని చిన్నపేగులోని జెజునమ్ అనే భాగంతో కలపడం.

‘ప్లాస్టీ’ అంటే రూపం సరిచేయడం, బాగుచేయడం. రైనోప్లాస్టీ ముక్కుది, ఆర్థ్రోప్లాస్టీ కీలుది. అందరూ ఎక్కువగా వినే యాంజియోప్లాస్టీ రక్తనాళానిది: ఇరుకైన నాళంలోకి సన్నని గొట్టం పంపి, దాని కొసన ఉన్న బెలూన్‌ను ఉబ్బించి దారి వెడల్పు చేస్తారు. గుండె రక్తనాళాలకు ఈ పద్ధతిని వైద్యుడు ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్ 1977లో జ్యూరిచ్ నగరంలో మొదటిసారి చేశాడు. యాంజియోగ్రామ్ మాత్రం చికిత్స కాదు. నాళాల్లోకి రంగు ద్రవాన్ని పంపి తీసే చిత్రం. మాటల్లో రెండింటినీ కుదించి ‘యాంజియో చేశారు’ అనడం పరిపాటి కాబట్టి, వినేవారికి పరీక్ష జరిగిందో, స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేశారో తెలియదు. రెండో వైద్యుడికి పాత వివరాలు చెప్పేటప్పుడు ఈ పదాన్ని పూర్తిగా, చివరిదాకా చెప్పండి.

మిగిలినవి త్వరగా చూద్దాం. ‘పెక్సీ’ అంటే జారిన అవయవాన్ని స్థానంలో నిలిపి కుట్టడం, ‘రాఫీ’ అంటే కుట్టి సరిచేయడం, ‘సెంటెసిస్’ అంటే సూదితో ద్రవం తీయడం, ‘ట్రిప్సీ’ అంటే నలగ్గొట్టడం. మూత్రపిండాల్లోని రాళ్లను పిండి చేసే లితోట్రిప్సీ ఈ చివరిదానికి అందరికీ తెలిసిన ఉదాహరణ.

4. పరీక్షల పేర్లలో చూసేదేది, నమోదు చేసేదేది గుర్తించండి

‘స్కోపీ’ అంటే పరికరంతో స్వయంగా చూడటం. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, బ్రాంకోస్కోపీ ఈ కోవలోవి. ‘గ్రఫీ’ అంటే చిత్రం తీసే ప్రక్రియ, ‘గ్రామ్’ అంటే తీసిన చిత్రం, ‘గ్రాఫ్’ అంటే చాలావరకు దాన్ని తీసే యంత్రం. మమోగ్రఫీ చేయించుకుంటే చేతికి వచ్చేది మమోగ్రామ్. ‘మెట్రీ’ అంటే కొలవడం. ఊపిరి ఎంత బలంగా వదలగలరో కొలిచే స్పైరోమెట్రీ అలాంటిది. ‘ఆప్సీ’ అంటే చూడటమే గానీ, బయాప్సీలో చూసేది శరీరం నుంచి తీసిన చిన్న కణజాలపు ముక్కను. బయాప్సీ అనగానే క్యాన్సర్ అని నిర్ధారించుకోనవసరం లేదు. కాలేయం, మూత్రపిండం, చర్మం వంటి అవయవాల్లో క్యాన్సర్ కాని జబ్బులను తేల్చడానికి కూడా అది చేస్తారు.

5. జబ్బుల పేర్లలో నాలుగు ప్రధాన ప్రత్యయాల మీద నిలవండి

‘ఐటిస్’ అంటే శోథ. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు లక్షణాలతో శోథను వర్ణించినవాడు క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్. అపెండిసైటిస్, టాన్సిలైటిస్, హెపటైటిస్, మెనింజైటిస్, ఆర్థ్రైటిస్ అన్నీ ఈ జాతివే. శోథ అంటే సూక్ష్మజీవుల సంక్రమణ అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. హెపటైటిస్ వైరస్ వల్ల రావచ్చు, మద్యం వల్ల రావచ్చు, కొన్ని మందుల వల్ల రావచ్చు, శరీరపు రక్షణ వ్యవస్థే కాలేయం మీద తిరగబడినందువల్ల కూడా రావచ్చు. ప్రత్యయం శోథ ఉందని చెబుతుంది, దానికి కారణం చెప్పదు. కాబట్టి ఇక్కడ మీ ప్రశ్న ‘ఎందువల్ల?’ అన్నది కావాలి.

‘ఓసిస్’ అంటే స్థితి, ఎక్కువగా నెమ్మదిగా ఏర్పడేది. ఫైబ్రోసిస్ అంటే కణజాలం నారలా గట్టిపడటం, థ్రాంబోసిస్ అంటే నాళంలో రక్తం గడ్డకట్టడం, స్టెనోసిస్ అంటే ఇరుకు కావడం, ఆస్టియోపోరోసిస్ అంటే ఎముక గుల్లబారడం. ‘ఐటిస్’, ‘ఓసిస్’ల తేడా ఎంత ముఖ్యమో వెన్నుపూసల విషయంలో బాగా తెలుస్తుంది. స్పాండిలోసిస్ వయసుతోపాటు వెన్నుపూసలు, వాటి మధ్య డిస్కులు అరగడం వల్ల వచ్చే మార్పు. స్పాండిలైటిస్ శోథ వల్ల వచ్చే జబ్బు. అందులో ఒక ప్రధాన రకం సాధారణంగా యువ వయసులోనే మొదలవుతుంది, రుమటాలజీ (కీళ్ల శోథ జబ్బుల) వైద్యుల పర్యవేక్షణ కోరుతుంది. మెడనొప్పి ఏదైనా ‘స్పాండిలైటిస్’ అనేయడం వాడుకలో పాతుకుపోయింది. రిపోర్టులో ఏముందో మాత్రం అక్షరం అక్షరం చదవండి. ఈ నియమానికి భాష ఎప్పుడూ కట్టుబడి ఉండదని కూడా తెలుసుకోవాలి: కీళ్ల అరుగుదలే ప్రధానమైన జబ్బుకు ఆస్టియోఆర్థ్రైటిస్ అనే పేరు స్థిరపడిపోయింది.

‘ఓమా’ అంటే కణితి. ఈ ప్రత్యయం వినగానే గుండె జారుతుంది గానీ, అది హానిలేని కణితినీ, ప్రమాదకరమైనదాన్నీ సమానంగా సూచిస్తుంది. లైపోమా చర్మం కింద ఏర్పడే కొవ్వు గడ్డ, మామూలుగా హాని చేయదు. కార్సినోమా, సార్కోమా, లింఫోమా, మెలనోమా మాత్రం క్యాన్సర్లు. ఒక్క అక్షర సమూహం మధ్యలో చేరితే అర్థం ఎంత మారుతుందో చూడండి: ‘అడినోమా’ గ్రంథి కణజాలపు హానిలేని కణితి, ‘అడినోకార్సినోమా’ అదే కణజాలపు క్యాన్సర్. పైగా కొన్ని ‘ఓమా’లు అసలు కణితులే కావు. హెమటోమా అంటే గాయం వల్ల ఒకచోట చేరిన రక్తం, గ్లకోమా కంటి నరం దెబ్బతినే జబ్బు, ట్రకోమా కంటికి వచ్చే బ్యాక్టీరియా సంక్రమణ. అందుకని ఈ ప్రత్యయాన్ని చూసి మీరుగా ఏ నిర్ణయానికీ రాకండి.

‘పతి’ అంటే జబ్బు, అంతకుమించి ఏమీ చెప్పదు. చక్కెర వ్యాధి దీర్ఘకాలం అదుపులో లేకపోతే కంటి తెరకు రెటినోపతి, మూత్రపిండాలకు నెఫ్రోపతి, నరాలకు న్యూరోపతి వస్తాయి. ఈ పదం ఎదురైతే దాని ముందున్న విశేషణం కోసం వెతకండి, అసలు సమాచారం అక్కడ ఉంటుంది.

6. రక్తం, మూత్రం రిపోర్టులకు విడిగా ఒక చూపు

‘ఈమియా’తో ముగిసే పదాలన్నీ రక్తానికి సంబంధించినవి. అనీమియా అంటే మాటకున్న అర్థం ప్రకారం రక్తం లేకపోవడం, వాస్తవానికి హీమోగ్లోబిన్ తగ్గడం. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) అంటే మాట ప్రకారం తెల్లని రక్తం. జర్మన్ వైద్యుడు రుడోల్ఫ్ విర్షో 1847లో పెట్టిన పేరు అది. హైపోగ్లైసీమియాలో చక్కెర తగ్గింది, హైపర్‌గ్లైసీమియాలో పెరిగింది. ‘హైపో’ తక్కువ, ‘హైపర్’ ఎక్కువ అన్నది ఎంత చిన్న సంగతైనా, వినికిడిలో ఈ రెండూ తారుమారైతే చికిత్సే తలకిందులవుతుంది. ఫోనులో చెప్పేటప్పుడు ‘తగ్గింది’, ‘పెరిగింది’ అని తెలుగులో కూడా చెప్పడం మంచిది. హైపోకలీమియా అంటే పొటాషియం తగ్గడం, హైపోనాట్రీమియా అంటే సోడియం తగ్గడం. ఆ మూలకాల లాటిన్ పేర్లు కాలియం, నాట్రియం కావడమే అందుకు కారణం. వాటి రసాయన సంకేతాలు కూడా ఆ పేర్ల నుంచే వచ్చాయి.

కణాల సంఖ్యకు రెండు ప్రత్యయాలు చాలు. ‘పీనియా’ అంటే కొరత, ‘సైటోసిస్’ అంటే సాధారణంగా పెరుగుదల. థ్రాంబోసైటోపీనియా అంటే ప్లేట్‌లెట్లు తగ్గడం, ల్యూకోసైటోసిస్ అంటే తెల్లకణాలు పెరగడం. ఇసినోఫిలియాలోని ‘ఫిలియా’కు గ్రీకులో ఇష్టం అని అర్థం. ఇసిన్ అనే ఎర్రని రంగును ఇష్టంగా పీల్చుకునే కణాలు కాబట్టి వాటికి ఇసినోఫిల్స్ అని పేరు వచ్చింది. అవి పెరిగిన స్థితి ఇసినోఫిలియా.

‘యూరియా’ మూత్రానికి సంబంధించినది, అయితే రెండు రకాలుగా పనిచేస్తుంది. హెమటూరియా, ప్రొటీన్యూరియా వంటి పదాల్లో మూత్రంలో ఏం పోతోందో చెబుతుంది. పాలీయూరియా, అనూరియా, డిస్యూరియా వంటి పదాల్లో మూత్రం ఎంత వస్తోందో, ఎలా వస్తోందో చెబుతుంది. యూరియా అనే రసాయన పదార్థం వేరు. రక్తపరీక్షలో ‘బ్లడ్ యూరియా’ అని ఉంటే అక్కడ ఇది ప్రత్యయం కాదు.

7. చిన్నాచితకా ప్రత్యయాలు

‘ఆల్జియా’ అంటే నొప్పి: న్యూరాల్జియా, మయాల్జియా. ‘మెగాలీ’ అంటే పెరగడం, ఉబ్బడం: కార్డియోమెగాలీలో గుండె, స్ప్లీనోమెగాలీలో ప్లీహం. ‘ప్లీజియా’ అంటే పూర్తిగా చచ్చుబడటం, ‘పరీసిస్’ అంటే పాక్షికంగా బలహీనపడటం. పక్షవాతం వచ్చినవారి రిపోర్టులో హెమిప్లీజియా అని ఉందో, హెమిపరీసిస్ అని ఉందో చూస్తే బలహీనత ఎంతో కొంత అర్థమవుతుంది. ‘రియా’ అంటే స్రవించడం, పారడం: డయేరియా. ‘ప్నియా’ అంటే శ్వాస: యాప్నియాలో శ్వాస ఆగుతుంది, డిస్ప్నియాలో కష్టమవుతుంది. ‘లైసిస్’ అంటే విడిపోవడం, కరగడం: హీమోలిసిస్ అంటే ఎర్రకణాలు పగిలిపోవడం. ‘యాసిస్’ కూడా స్థితినే సూచిస్తుంది; రాళ్లకూ పరాన్నజీవులకూ దాన్ని ఎక్కువగా వాడతారు: లితియాసిస్, ఫైలేరియాసిస్.

8. ముందు భాగంలో ఒకేలా వినిపించే జంటలను గుర్తుపెట్టుకోండి

చివరి భాగం సరిగ్గా చదివినా, ముందు భాగంలో పొరబడితే ప్రయోజనం లేదు. ‘హిస్టో’ అంటే కణజాలం, ‘హిస్టెరో’ అంటే గర్భాశయం. ‘మయో’ అంటే కండరం, ‘మయెలో’ అంటే ఎముక మజ్జ లేదా వెన్నుపాము. ‘ఆర్థ్రో’ అంటే కీలు, ‘ఆర్థో’ అంటే తిన్నని. ఆర్థోపెడిక్స్ అనే మాటను 1741లో ఫ్రెంచి వైద్యుడు నికోలా ఆండ్రీ కల్పించినప్పుడు పిల్లల అవయవాల వంకరలను సరిచేయడమే ఉద్దేశం. ‘సిస్ట్’ అనే ముక్క పదం మొదట్లో వచ్చి దానికి ప్రత్యయం చేరితే సాధారణంగా మూత్రాశయం, దాని ముందు ‘కోలి’ కలిస్తే పిత్తాశయం. కాబట్టి సిస్టైటిస్‌కూ కోలిసిస్టైటిస్‌కూ ఏ చుట్టరికమూ లేదు.

ఇక కొన్ని అవయవాలకు రెండేసి పేర్లు నడుస్తాయి. మూత్రపిండానికి గ్రీకు పేరు ‘నెఫ్రోస్’, లాటిన్ పేరు ‘రెన్’. జబ్బులకూ ఆపరేషన్లకూ ఎక్కువగా గ్రీకు రూపం, నాళాలకూ వర్ణనకూ లాటిన్ రూపం వాడతారు. ఒకే రిపోర్టులో ‘నెఫ్రోపతి’, ‘రీనల్ ఆర్టరీ’ అని కనిపిస్తే రెండూ ఆ ఒక్క అవయవం గురించే.

9. ఈ పద్ధతిని మందుల పేర్లకు అలాగే వాడకండి

మందుల జనరిక్ పేర్లకు కూడా ప్రత్యయాలు ఉంటాయి గానీ, అది వేరే వ్యవస్థ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953లో అంతర్జాతీయ పేర్ల మొదటి జాబితాను ప్రచురించింది. ‘ప్రిల్’, ‘సార్టాన్’, ‘ఓలోల్’ అని ముగిసేవి ప్రధానంగా రక్తపోటుకూ గుండెకూ వాడేవి. ‘సిలిన్’తో ముగిసేవి పెన్సిలిన్ జాతి యాంటీబయోటిక్స్. పెన్సిలిన్ పడనివారికి ఈ చివరి గుర్తు నిజంగా పనికొస్తుంది. అయితే పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మందు, అరిపిప్రజోల్ మానసిక వ్యాధుల మందు. అటోర్వాస్టాటిన్ కొలెస్ట్రాల్‌కు, నిస్టాటిన్ ఫంగస్‌కు. పైకి చివరలు కలిసినంత మాత్రాన మందులు ఒకటి కావు. అందువల్ల ఒకదానికి బదులు మరొకటి వాడే నిర్ణయం వైద్యుడికో ఫార్మసిస్టుకో వదిలేయండి.

10. ఒక సమ్మరీని విప్పి చూడండి

డిశ్చార్జి కాగితంలో ‘కోలిలితియాసిస్ విత్ క్రానిక్ కోలిసిస్టైటిస్, ల్యాపరోస్కోపిక్ కోలిసిస్టెక్టమీ డన్’ అని ఉందనుకోండి. మొదటి పదం చివర ‘యాసిస్’, దాని ముందు ‘లిత్’ అంటే రాయి, ‘కోలి’ అంటే పిత్తం: పిత్తాశయంలో రాళ్లు. రెండోదానిలో ‘ఐటిస్’: పిత్తాశయ శోథ, ‘క్రానిక్’ కాబట్టి దీర్ఘకాలికం. మూడోదానిలో ‘ఎక్టమీ’: పిత్తాశయాన్ని తీసేశారు. ‘ల్యాపరోస్కోపిక్’లో ‘స్కోపీ’ ఉంది, ‘ఆటమీ’ లేదు. అంటే పొట్టను పెద్ద కోతతో తెరవకుండా, చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చూస్తూ చేశారు. రెండు జబ్బులు, ఒక ఆపరేషన్, అది చేసిన మార్గం అన్నీ ఒక్క పంక్తిలో ఉన్నాయి.

ఇదే కాగితం కింద ‘హిస్టోపాథాలజీ అవైటెడ్’ అని మరో పంక్తి ఉంటే దాన్ని దాటవేయకండి. ‘లజీ’ శాస్త్రం, ‘పాథో’ జబ్బు, ‘హిస్టో’ కణజాలం. తీసిన అవయవాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తున్నారు, ఫలితం ఇంకా రాలేదు. కుట్లు విప్పించుకోవడానికి వెళ్లిన రోజున ఆ రిపోర్టు వచ్చిందా అని అడిగి, వస్తే వైద్యుడికి చూపించి, ఒక ప్రతిని మిగిలిన కాగితాలతో కలిపి దాచుకోండి.